ఎండాల్సిన కుంట: ఇళ్ల పక్క ప్రభుత్వ భూమిలో టైగర్ సాలమాండర్ నివాసాన్ని ఎలా చూసుకోవాలి

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రామోన్, లివర్‌మోర్ చుట్టూ ఉన్న గడ్డి కొండల్లో చాలాచోట్ల కాలనీ కంచె దాటగానే పార్క్ డిస్ట్రిక్ట్ (పార్కులు చూసే స్థానిక సంస్థ)దో, సిటీదో, నీటి సరఫరా సంస్థదో భూమి మొదలవుతుంది. అందులో ఎప్పుడో పశువుల కోసం కట్టిన చిన్న కుంట ఉంటుంది. చలికాలం వాన రాత్రుల్లో ఆ కుంటలో కాలిఫోర్నియా టైగర్ సాలమాండర్ గుడ్లు పెడుతోందంటే, ఆ భూమిని చూసేవాళ్ల మీద చట్టం బరువు కూడా ఉన్నట్టే. ఈ ఊళ్లలో మనవాళ్లకు కొదవ లేదు. సిటీ పార్కుల కమిషన్‌లో, ఇంజినీరింగ్ విభాగంలో, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) బోర్డులో ఉండి ఈ పని మీద పడినవాళ్లకు, వాలంటీర్లుగా వచ్చేవాళ్లకు పనికొచ్చేలా పద్ధతి అంతా వరసగా ఇస్తున్నాం.

మనకు చెరువంటే నిండుగా ఉండాలి, ఎండిందంటే కరువు. ఇక్కడ ఆ లెక్క తిరగబడుతుంది. ఈ కుంట జూన్ దాకా నిలవాలి, అక్టోబరు లోపు ఎండిపోవాలి. పక్కన ఇళ్లు వచ్చాక ఎక్కువగా పాడయ్యేది ఈ రెండో సగమే.

ముందు జంతువు దినచర్య తెలుసుకోండి

చూడ్డానికి బల్లిలా ఉన్నా ఒంటిమీద పొలుసులుండవు. కప్పకు ఉన్నట్టు తడి చర్మం. నల్లటి ఒంటి మీద లేత పసుపు మచ్చలు, తోకతో కలిపి 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు, మొద్దు ముక్కు. తెలుగు నేల మీద సాలమాండర్ జాతి ఏదీ లేదు. భారతదేశంలో చూడాలంటే డార్జిలింగ్ కొండలకు, జోర్‌పోఖ్రి అభయారణ్యం వైపు వెళ్లాలి. అక్కడ ఉండేది వేరే జాతి.

ఏడాదిలో ఎక్కువ భాగం ఇది నేలలోనే ఉంటుంది. కలుగు తనకు తాను తవ్వుకోలేదు. నేల ఉడుతలు, గోఫర్లు (నేల తవ్వే ఎలుకలాంటి జీవులు) తవ్విన కలుగుల్లో తలదాచుకుంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాన పడిన రాత్రుల్లో బయటికొచ్చి కుంటకు నడుస్తుంది. నీటిలోని కాడలకు, రెమ్మలకు గుడ్లు ఒక్కొక్కటిగానో రెండు మూడు కలిపో అంటిస్తుంది. అవి 10 రోజుల నుంచి నాలుగు వారాల్లో పొదుగుతాయి. మెడ పక్కన ఈకల్లాంటి మొప్పలున్న పిల్లలు కనీసం 10 వారాలు నీళ్లలో పెరగాలి. మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మే, జూన్, జులై నెలల్లో మొప్పలు పోయి ఒడ్డెక్కి, రాత్రిపూట కలుగు వెతుక్కుంటూ పోతాయి. ఈ ప్రయాణానికి వాన కోసం ఆగవు. పెరిగి గుడ్లు పెట్టే వయసు రావడానికి నాలుగైదేళ్లు. జీవితంలో ఒక్కసారే గుడ్లు పెట్టేవి చాలా ఉంటాయి. వానలు లేని ఏడు అసలు కుంటకే రావు.

అందుకే ఒక్క ఏడాది సర్వేలో ఏమీ దొరకలేదని కుంటను జాబితా లోంచి కొట్టేయకండి.

మొదటి పని: కాగితాలు

పార పట్టుకునే ముందు మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఉండాలి. భూమి ఎవరిది? దాని మీద సంరక్షణ ఒప్పందం ఏదైనా రిజిస్టరై ఉందా? ఏ పర్మిట్ కింద ఎవరు ఏ పని చేయవచ్చు?

ఈ జీవిని ఫెడరల్ చట్టం మూడు జనాభాలుగా చూస్తుంది. శాంటా బార్బరా, సొనోమా కౌంటీల్లోవి 'అంతరించే ప్రమాదంలో ఉన్నవి'. ఈస్ట్ బే కొండలతో (పైన చెప్పిన ఊళ్లున్న ప్రాంతం) సహా మధ్య కాలిఫోర్నియాలోవి 2004 నుంచి 'ముప్పులో ఉన్నవి'. దీనికి తోడు రాష్ట్ర చట్టం 2010లో మొత్తం జాతిని ముప్పు జాబితాలో చేర్చింది. అంటే రెండు అనుమతులు: ఒకటి యూఎస్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్‌ది, రెండోది రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖది. కుంటలో మట్టి కదిలిస్తే రాష్ట్ర శాఖకు వాగులు, కుంటల మార్పు నోటిఫికేషన్ వేరే ఇవ్వాల్సి రావచ్చు. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (అమెరికా సైన్యం ఇంజినీరింగ్ విభాగం), నీటి నాణ్యత చూసే రీజినల్ వాటర్ బోర్డు కూడా రంగంలోకి రావచ్చు.

చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. 2004 నాటి ప్రత్యేక నిబంధన పశువుల పెంపకందార్లకు కొన్ని మామూలు పనుల్లో మినహాయింపు ఇచ్చింది: మేపడం, కుంట కట్ట బాగుచేసుకోవడం లాంటివి. ఆ మినహాయింపు ప్రైవేటు, ఆదివాసీ తెగల భూములకే. పక్క రాంచ్ యజమాని కాగితం లేకుండా చేస్తున్న పనే మీరు సిటీ భూమిలో చేస్తే ఉల్లంఘన కావచ్చు. 'ఆయన చేస్తున్నాడుగా' అన్న మాట ఇక్కడ చెల్లదు.

మీ ప్రాంతానికి ఉమ్మడి నివాస సంరక్షణ ప్రణాళిక ఉంటే పని తేలిక. తూర్పు కాంట్రా కోస్టా కౌంటీలో 2007 నుంచి, శాంటా క్లారా వ్యాలీలో 2013 నుంచి అలాంటివి నడుస్తున్నాయి. వాటి షరతులకు లోబడితే పర్మిట్ దాని గొడుగు కిందే వస్తుంది. తూర్పు ఆలమీడా కౌంటీలో ఉన్నది మార్గదర్శక పత్రం. దాన్నే పర్మిట్ అనుకోకండి.

రెండో పని: పటం

కుంట అంచు గీసి, దాని చుట్టూ పది మీటర్లు పచ్చ రంగు వేసి 'ఇదీ నివాసం' అని చూపించే పటాలు చాలా ఉంటాయి. అవి దండగ. పెద్ద సాలమాండర్లు కుంట నుంచి 2 కిలోమీటర్లకు పైగా వెళ్లిన దాఖలాలున్నాయి. సంస్థలు పరిశీలనకు తీసుకునే దూరం 1.3 మైళ్లు, అంటే దాదాపు 2.1 కిలోమీటర్లు. అంత మేరా గీయండి. ఆ వలయంలో ఇవి గుర్తించండి:

- నేల ఉడుతల కలుగులు గుంపుగా ఉన్న చోట్లు
- మిగతా కుంటలు, వాన మడుగులు (ఒకటి పోయినా పక్కదాన్నుంచి మళ్లీ వస్తాయి కాబట్టి)
- రోడ్లు, నిటారు కర్బులు (రోడ్డు అంచు గట్లు), వాననీటి డ్రెయిన్ నోళ్లు
- కాలనీ నుంచి కొండ వైపు తెరుచుకున్న ప్రతి పైపు, ప్రతి కాలువ

చివరిది ప్లాన్ కాగితాల మీద చూసి వదిలేయకండి. ఆగస్టులో నడిచి చూడండి. ఎండు గడ్డి మధ్యలో ఎక్కడైనా పచ్చటి చార కనబడితే దాని పైన ఎవరిదో స్ప్రింక్లర్ కారుతోందని అర్థం.

మూడో పని: నీటి లెక్క

కుంట లోతైన చోట సెంటీమీటర్ల గీతలున్న కొలబద్ద పాతండి. ఒక ఫోటో స్థానం ఖాయం చేసుకుని జనవరి నుంచి అక్టోబరు దాకా రెండు వారాలకోసారి మట్టం రాసుకోండి. ఏ యంత్రం కొన్నా ఇంతకంటే విలువైన సమాచారం ఇవ్వదు.

ఈ కొండల్లో వేసవిలో నీరు రోజుకు సుమారు 6 మిల్లీమీటర్లు ఆవిరవుతుంది. జూన్ మొదలు నుంచి సెప్టెంబరు చివరిదాకా లెక్కేస్తే దాదాపు 70 సెంటీమీటర్లు. నేలలోకి ఇంకేది అదనం. కాబట్టి జూన్ మొదట్లో లోతైన చోట ముప్పావు మీటరు నీరున్న కుంట తనంతట తాను ఎండుతుంది. మీటరున్నర ఉన్నది ఎండదు. నిర్మాణంలో పోయిన నివాసానికి బదులుగా కొత్తగా తవ్విన కుంటల్లో ఎక్కువగా కనబడే లోపం ఇదే: చూడ్డానికి నిండుగా ఉండాలని లోతుగా తవ్వేస్తారు.

ఎండకపోతే ఏమవుతుంది? మొదట బుల్‌ఫ్రాగ్ వస్తుంది. చెరువు నిండితే కప్పలు వాటంతటవే చేరతాయన్న సామెత ఇక్కడ అక్షరాలా జరుగుతుంది. ఇది కాలిఫోర్నియాకు బయటినుంచి తెచ్చిన జాతి. దీని తోకకప్పలు కప్పలుగా మారడానికి తరచూ ఒక చలికాలం దాటాలి, అందుకు ఏడాది పొడుగునా నీళ్లు కావాలి. పెద్దవి దొరికిన ప్రతిదాన్నీ మింగుతాయి, సాలమాండర్ పిల్లలతో సహా. తరవాత ఎర్ర క్రేఫిష్ (రొయ్యలాంటి జీవి), ఎవరో వదిలిన చేపలు. మూడోది ఇంకా లోతైన సమస్య. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో గాలపు ఎర కోసం సాలినాస్ లోయకు తెచ్చిన వేరే టైగర్ సాలమాండర్, స్థానిక జాతితో కలిసి సంకరం అయింది. ఎండని కుంట ఆ సంకరాలకు అనుకూలం. పెద్దసైజు పిల్లలుగానే అందులో ఏళ్ల తరబడి ఉండిపోగలవు. కంటితో చూసి తేల్చలేం. పర్మిట్ ఉన్న జీవశాస్త్రజ్ఞుడు తోక కొస ముక్క తీసి డీఎన్ఏ పరీక్షకు పంపాలి.

కాబట్టి కట్టలో తూము ఉండాలి. తెలుగువాళ్లకు తూము, అలుగు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు, అదే సూత్రం. అడుగున పైపు, దానికి నిలువు గొట్టం లేదా వాల్వు. తూము లేని పాత కుంటకైతే సైఫన్ గానీ పంపు గానీ వాడాలి. క్రమం ఇలా:

1. జులై చివర పర్మిట్ ఉన్న జీవశాస్త్రజ్ఞుడితో వల వేయించి నీళ్లలో ఏమేమి మిగిలాయో చూడండి.
2. కాలిఫోర్నియా రెడ్ లెగ్డ్ ఫ్రాగ్ తోకకప్పలు ఉంటే తొందరపడకండి. 1996 నుంచి ఆ కప్ప కూడా ఫెడరల్ రక్షణలో ఉంది. దాని పిల్లలు సెప్టెంబరు దాకా నీళ్లలో ఉండవచ్చు. ఒక జాతిని కాపాడబోయి రెండోదాన్ని ఎండగట్టిన మేనేజర్‌కు చెప్పుకోవడానికి మాట దొరకదు.
3. సెప్టెంబరు చివర్లో నీరు దించడం మొదలుపెట్టండి. తీసుకునే నోటికి 5 మిల్లీమీటర్లకు మించని కన్నాల జల్లెడ కట్టండి. జల్లెడ పూడుకుపోకుండా చుట్టూ పెద్ద బుట్ట పెట్టండి.
4. నీటిని గడ్డి వాలు మీద పలచగా పారించి ఇంకనివ్వండి. వాగులోకి వదిలితే బుల్‌ఫ్రాగ్ పిల్లల్ని కింది కుంటలకు మీరే పంపినట్టు.
5. చివరి అరడుగు దగ్గర జీవశాస్త్రజ్ఞుడు అక్కడే ఉండాలి. తాబేళ్లు, మిగిలిన స్థానిక జీవులు ఆ బురదలోనే దొరుకుతాయి.
6. అడుగు పగుళ్లిచ్చేదాకా ఆరనిచ్చి, మొదటి వానకు ముందే వాల్వు మూసేయండి. అది మరిచిపోతే ఆ ఏడు కుంటే ఉండదు.

అన్నిటినీ ఒకే ఏడు దించకండి. పక్కపక్క కుంటలుంటే వంతులేసుకోండి.

ఇక ఇళ్ల నుంచి వచ్చే నీరు. జులైలో మట్టం వారంలో రెండు సెంటీమీటర్ల కన్నా తక్కువ తగ్గుతోంటే, లేదా కదలకుండా ఉంటే, ఎక్కడినుంచో నీరు చేరుతోంది. స్ప్రింక్లర్లు చాలావరకు తెల్లవారుజామున తిరుగుతాయి. సాయంత్రం, మర్నాడు పొద్దున మట్టం చూసి పోల్చండి. రాత్రికి రాత్రి పెరిగితే దొంగ దొరికినట్టే. పైకి నడుచుకుంటూ వెళ్లి అది ఏ ఇంటిదో, హెచ్‌ఓఏ వాలు తోటదో, పగిలిన లైనుదో పట్టుకోండి. మందు పక్కవాళ్ల దగ్గరే ఉంది: కొండ వైపు వాలులో డ్రిప్ పెట్టడం, కాలనీ అంచున అడ్డు కాలువ తవ్వి వేసవి నీటిని వాననీటి వ్యవస్థలోకి మళ్లించడం. డెవలపర్‌తో ఒప్పందం ఇంకా సంతకం కాకపోతే ఈ అడ్డు కాలువను షరతుగా రాయించండి. ఇళ్లు అమ్ముడయ్యాక అడిగితే రెండు వందల మంది ఓనర్లతో మాట్లాడాల్సి వస్తుంది.

నాలుగో పని: గడ్డి, పశువులు

'రక్షిత ప్రాంతం కాబట్టి పశువుల్ని బయటికి తోలాలి' అన్నది మంచి మనసుతో చేసే చెడ్డ పని. ఇక్కడి కొండల మీద ఉన్నది ఎక్కువగా ఐరోపా నుంచి వచ్చిన ఏడాది గడ్డి, అంటే ఏటా కొత్తగా మొలిచి ఎండిపోయేది. మేపకపోతే అది నడుము ఎత్తు పెరిగి, ఎండి, చాపలా పేరుకుంటుంది. అలాంటి చోట నేల ఉడుతలు ఉండవు, వాటికి చుట్టూ కనబడాలి. ఉడుతలు పోతే కలుగులు కూలిపోతాయి, కలుగుల్లేకపోతే సాలమాండర్ లేదు. పైగా గడ్డి నీటిని తాగేస్తుంది. మేత ఆపిన వాన మడుగులు వారాల ముందే ఎండిపోయాయని సెంట్రల్ వ్యాలీ పరిశోధనలో తేలింది. మే నెలలోనే ఎండితే పిల్లలకు మొప్పలు పోయే సమయమే చాలదు.

మేత సరిపోయిందా లేదా అన్నది కంటి అంచనాకు వదలకండి. కొలత సులువు. లావు తీగను 13¼ అంగుళాల అడ్డకొలత ఉన్న గుండ్రటి రింగుగా వంచండి. దాని లోపలి వైశాల్యం 0.96 చదరపు అడుగు వస్తుంది. సెప్టెంబరు చివర్లో, తొలి వాన పడకముందు, కొండ మీద వాలుకు రెండు మూడు చోట్ల రింగు పడేసి, లోపలి ఎండు గడ్డిని నేలదాకా కత్తిరించి, సంచిలో వేసి, గ్రాముల త్రాసు మీద తూచండి. ఎన్ని గ్రాములో దాన్ని వందతో గుణిస్తే ఎకరానికి అన్ని పౌండ్లు. 7 గ్రాములు తూగితే 700 పౌండ్లు. టార్‌వీడ్, పసుపు స్టార్ థిజిల్ లాంటి వేసవి మొక్కల్ని ఏరి పక్కన పడేశాకే తూచాలి, లేదంటే లెక్క ఉబ్బిపోతుంది.

చెట్లు తక్కువగా ఉన్న ఏడాది గడ్డి నేలలకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా సూచించే కనిష్ఠం చదునులో 500 పౌండ్లు, వాలు పెరిగిన కొద్దీ 800 దాకా. అంతకన్నా తగ్గితే వానకు మట్టి కోసుకుపోయి కుంటలో పూడిక పడుతుంది. గరిష్ఠం ఎంతో మీ స్థల ప్రణాళిక నుంచి తీసుకుని కాపరి ఒప్పందంలో అంకెగా రాయండి. 'తగినంత మేపాలి' అని రాస్తే మీ తగినంత వేరు, ఆయన తగినంత వేరు.

పశువులు కుంటలో దిగి బురద చేస్తాయన్న ఫిర్యాదు తప్పక వస్తుంది. టైగర్ సాలమాండర్ పిల్లలు బురద నీటిలో, మొక్కలు పెద్దగా లేని కుంటలో కూడా బాగానే పెరుగుతాయి. రెడ్ లెగ్డ్ ఫ్రాగ్‌కు మాత్రం ఒడ్డున తుంగ, జమ్ము లాంటివి కావాలి. రెండూ ఉంటే కుంటలో కొంత భాగానికి కంచె వేసి, మిగతాది పశువులకు వదలండి. తొట్టి పెడితే దాంట్లోంచి చిన్న జీవులు పైకి ఎక్కి రావడానికి జల్లెడ రేకుతో వాలు పెట్టడం మరవకండి.

ఐదో పని: ఉడుతల్ని బతకనివ్వండి

పక్క ఆటస్థలంలో ఉడుతలు గుంతలు తవ్వుతున్నాయని, పిల్లలు పడతారని ఫిర్యాదు రాగానే మెయింటెనెన్స్ సిబ్బంది మొదట ఆలోచించేది మందు గురించే. ఎలుకల మందుల మీద కాలిఫోర్నియా 2020 నుంచి వరసగా ఆంక్షలు బిగిస్తోంది. అవి లేకపోయినా ఈ వలయంలో మందు పెట్టకూడదు. అన్నిటికంటే ప్రమాదం కలుగులోకి పొగ గానీ గ్యాసు గానీ వదలడం. ఉడుతతో పాటు అదే కలుగులో ఉన్న సాలమాండర్లు కూడా చస్తాయి, పైకి ఒక్కటీ కనబడదు కాబట్టి ఎన్ని పోయాయో ఎవరికీ తెలియదు. ఆటస్థలం చుట్టూ భూమిలోకి దింపిన కంచె, అక్కడికక్కడే పరిమితమైన బోను, ఇవి చాలు. కాంట్రాక్టర్‌కు ఇచ్చే పనిపత్రంలో పటం జతచేసి 'ఈ గీత లోపల ధూమం, విషపు ఎర నిషేధం' అని రాయించి సంతకం తీసుకోండి. సిబ్బంది మారతారు, కాగితం మారదు.

కుంట కట్ట మీద కలుగులు పడితే మాత్రం లీకేజీ భయం నిజమే. దానికి దారి కింద ఉంది.

ఆరో పని: దోమల వాళ్లతో ముందే మాట్లాడండి

మన మున్సిపాలిటీలు మలేరియా సీజన్‌లో చెరువుల్లో గంబూసియా చేపలు వదలడం పేపర్లో చూస్తూనే ఉంటాం. ఆ చేప సొంత ఊరు అమెరికా ఆగ్నేయ ప్రాంతం. కాలిఫోర్నియాకూ దోమల కోసమే తెచ్చారు. సాలమాండర్ కుంటలో అది గుడ్లనూ చిన్న పిల్లలనూ తింటుంది, పెద్దవాటి తోకలు కొరుకుతుంది. దోమల నియంత్రణ చూసే స్థానిక సంస్థకు మీ కుంటల పటం పంపి, ఇక్కడ చేపలు వద్దని లిఖితపూర్వక ఒప్పందం చేసుకోండి. వెస్ట్ నైల్ వైరస్ భయం ఉన్న ఏడు అవసరమైతే బీటీఐ బ్యాక్టీరియా మందు లాంటి ప్రత్యామ్నాయాన్ని ఎప్పుడు, ఎంత వాడాలో ఆ పత్రంలోనే తేల్చండి. కుంట వేళకు ఎండితే ఆగస్టు దోమల గొడవే ఉండదు. కాలనీవాళ్లకు ఈ ఒక్క మాట బాగా ఎక్కుతుంది.

ఇంట్లో అక్వేరియం చేపలు, పుట్టినరోజున కొనిచ్చిన తాబేలు తెచ్చి కుంటలో వదిలేవాళ్లూ ఉంటారు. బోర్డు మీద ఆ సంగతి బొమ్మతో సహా పెట్టండి. కుంట ఖచ్చితంగా ఎక్కడుందో మాత్రం బోర్డు మీద గానీ వెబ్‌సైట్‌లో గానీ పెట్టకండి.

ఏడో పని: కట్ట మరమ్మతు

కుంటలు ఎక్కువగా పోయేది కరువుతో కాదు, అలుగు కోసుకుపోయి. పాత కట్టలకు ఒక పెద్ద వాన చాలు. ఏటా మార్చిలో అలుగు అంచు చూడండి, అక్కడ నీరు గాడి చేస్తోందంటే ఆ వేసవిలోనే సరిచేయండి.

పని కాలం కుంట పూర్తిగా ఎండినప్పుడు, ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. పగలే చేయాలి. వాన సూచన ఉంటే యంత్రాలు ఆగాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో పర్మిట్ చెబుతుంది. కట్టలోని ప్రతి కలుగునూ పర్మిట్ ఉన్న జీవశాస్త్రజ్ఞుడి సమక్షంలో చేత్తో తవ్వి ఖాళీ అని తేలాకే ఎక్స్‌కవేటర్ కదలాలి. దొరికిన సాలమాండర్‌ను ఏ కలుగులోకి మార్చాలో ముందే చూసి పెట్టుకోవాలి.

పూడిక తీసేటప్పుడు అడుగున నీళ్లు పట్టే బంకమట్టి పొరను చీల్చకండి. అది పోతే కుంట ఫిబ్రవరిలోనే కారిపోతుంది, తరవాత బెంటొనైట్ (నీరు ఇంకకుండా పోసే బంకమట్టి) తెచ్చి పోసినా పాత గట్టిదనం రాదు. తీసిన మట్టిని పక్క వాలు మీద కలుగులున్న చోట కుప్ప పోయకండి, కాంట్రాక్టర్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడే పోస్తాడు. ఎక్కడ పోయాలో జెండాలు పాతి చూపించండి.

వాలు మీద కోత ఆపడానికి వేసే చాపల్లో ప్లాస్టిక్ దారం వల ఉండకూడదు. సాలమాండర్లు, పాములు అందులో చిక్కి చస్తాయి. నారతోనే అల్లిన కొబ్బరి పీచు చాప అడగండి. ప్యాకింగ్ మీద 'పర్యావరణ హితం' అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఒక కొస విప్పి వేలితో లాగి చూస్తే ప్లాస్టిక్ దారం తెలిసిపోతుంది.

ఎనిమిదో పని: ఇళ్ల వైపు అంచు

పక్కన నిర్మాణం జరుగుతున్నంత కాలం తాత్కాలిక కంచె కావాలి. నేలలోకి 6 అంగుళాలు పాతి, పైకి దాదాపు 3 అడుగులు. గుంజలు పని జరిగే వైపు ఉండాలి, లేదంటే బయటి నుంచి వచ్చే జీవి వాటినే నిచ్చెన చేసుకుంటుంది. కంచెకు ఆనుకుని గడ్డి పెరిగితే కోసేయాలి. ప్రతి వాన తరవాత మొత్తం నడిచి చూడాలి, ఒక్క మూల మట్టి జారినా కంచె పెట్టనట్టే. అడుగు లోతు దాటిన కందకాలను సాయంత్రం ప్లైవుడ్‌తో మూయాలి, లేదా ఎక్కి రావడానికి మట్టి వాలు వదలాలి. రాత్రి బయట ఉంచిన పైపుల్ని పొద్దున ఎత్తే ముందు రెండు కొసల నుంచీ టార్చి వేసి చూడాలి.

ఇళ్లు కట్టాక శాశ్వత సమస్య కర్బు. నిటారు కర్బు దగ్గరకొచ్చిన సాలమాండర్ పైకి ఎక్కలేక దాని వెంటే నడిచి డ్రెయిన్ నోట్లో పడుతుంది. కొండ పక్క వీధులకు వాలు కర్బు అడగండి. కర్బు మారే అవకాశం లేకపోతే డ్రెయిన్‌కు దూరంగా పక్కకు ఎక్కే చిన్న వాలులు పెట్టించండి. వీధి దీపాల వెలుగు కిందికే పడాలి, కొండ మీదికి కాదు.

రోడ్డు మధ్యలో ఉంటే రెండు దారులు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ దగ్గర జునిపెరో సెర్రా బులెవార్డ్ కింద సాలమాండర్ల కోసం సొరంగాలు వేశారు. సొరంగానికి రెండు వైపులా దారి చూపే అడ్డుగోడలు లేకపోతే అది వృథా, జీవి నేరుగా రోడ్డే ఎక్కుతుంది. రెండో దారి చవక: బర్క్‌లీ పక్క టిల్డెన్ పార్కులో సౌత్ పార్క్ డ్రైవ్‌ను న్యూట్‌ల కోసం నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా కార్లకు మూసేస్తారు. న్యూట్ కూడా సాలమాండర్ జాతే. మీ సర్వీస్ రోడ్డుకు గేటు ఉంటే వాన రాత్రుల్లో తాళం వేయడానికి ఎవరి బడ్జెట్టూ అక్కర్లేదు.

సర్వే, బూట్లు

నీళ్లలో సర్వే మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఒక్కోసారి, మధ్యలో కనీసం పది రోజుల ఎడంతో. సన్న కన్నాల వలతో, పర్మిట్ ఉన్నవాళ్లే. వాలంటీర్లు మట్టం రాయవచ్చు, ఫోటోలు తీయవచ్చు, బుల్‌ఫ్రాగ్ అరుపులు లెక్కపెట్టవచ్చు. వల మాత్రం ముట్టుకోకూడదు.

ఒక కుంట నుంచి ఇంకో కుంటకు బూట్లతో జబ్బు వెళ్తుంది. కప్పలు, సాలమాండర్ల చర్మానికి సోకే కైట్రిడ్ శిలీంధ్రం ఇక్కడ ఇప్పటికే ఉంది. సాలమాండర్లను ఇంకా ఘోరంగా చంపే దాని బంధువు ఐరోపా నుంచి రాకూడదని 2016లో 201 సాలమాండర్ జాతుల దిగుమతిని అమెరికా నిలిపేసింది. బురద అంతా బ్రష్‌తో రుద్ది కడగండి. గాలన్ నీటికి అర కప్పు నుంచి కప్పు బ్లీచ్ కలిపి బూట్లు, వలలు అందులో ముంచి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టండి. బురద ఉండగా బ్లీచ్ పనిచేయదు. బ్లీచ్ నీళ్లు కుంట దగ్గర పారబోయకండి.

ఎవరింట్లోనైనా కనబడితే

నవంబరు, డిసెంబరు వానలప్పుడు, మళ్లీ జూన్ రాత్రుల్లో కాలనీ నుంచి ఫోన్లు వస్తాయి: గరాజ్‌లో ఉంది, నీటి మీటర్ పెట్టెలో ఉంది, ఈత కొలనులో తేలుతోంది అని. ఫోన్ ఎత్తే మనిషికి ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి ఇవ్వండి. కరవదు, విషం కక్కదు, భయం లేదని చెప్పాలి. పిల్లిని, కుక్కను లోపల కట్టేయమనాలి. పక్కన ఏదైనా స్కేలో నాణెమో ఉంచి పై నుంచి ఒక ఫోటో, పక్క నుంచి ఒక ఫోటో తీసి పంపమనాలి. పట్టుకోవద్దని, ఉప్పు గానీ మందు గానీ చల్లొద్దని, కుంటలో వదిలి వస్తామని బయల్దేరొద్దని చెప్పాలి. మీ జీవశాస్త్రజ్ఞుడు రావడానికి గంట పడితే అంతసేపూ పైన తడి అట్టపెట్టె బోర్లించి నీడ చేస్తే చాలు. కొలనులో ఉంటే మాత్రం ఆగకుండా ఒక పలకను నీళ్లలోకి వాలుగా పెట్టమనాలి, అదే ఎక్కి వస్తుంది. తేదీ, చిరునామా, ఫోటో మీ రిజిస్టర్‌లో ఎక్కించి, రాష్ట్ర సహజ వైవిధ్య డేటాబేస్‌కు కూడా పంపండి. రెండు మూడేళ్లకు ఆ చిరునామాలన్నీ పటం మీద చుక్కలు పెడితే కంచెలో కంత ఏ వైపు ఉందో కనబడుతుంది.